ఎనిమిది ఫ్రేముల ఆలస్యం

కుక్కకు ఏదో అయిందని మొట్టమొదట కనిపెట్టిన మనిషి ఆ కుక్కను ఎన్నడూ చేత్తో తాకి ఎరుగడు. వీడియో ఆటలు తయారుచేసే ఆఫీసులో కిటికీ పక్క బల్ల అతనిది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కంట్రోలరు బొత్తాలు నొక్కుతూ, ఇంకా తయారీలో ఉన్న ఆటలో తప్పులు పట్టడం అతని ఉద్యోగం. పట్టిన ప్రతి తప్పు మీదా ఎవరితోనో ఒకరితో తగువు వేసుకుంటాడు గనుక అందరూ అతన్ని పేచీ అని పిలుస్తారు. అతనూ ఆ పేరును బిరుదు పుచ్చుకున్నట్టే పుచ్చుకున్నాడు.

ఆ మంగళవారం పేచీ పంపిన తప్పుల పట్టికలో పదిహేడో వరుస ఇది: "మూట. ఎగిరి దూకాక తేరుకోవడం ఆలస్యం. పాత కదలికలో పదకొండు ఫ్రేములు, కొత్తదానిలో పంతొమ్మిది. ఈ సందులో ఎదుటివాడు తీరిగ్గా మూడు గుద్దులు గుద్దిపోతున్నాడు. కుక్కకు అన్యాయం. సరిచేయగలరు."

ఆ వరుస వచ్చి పడిన బల్ల ఫ్రేములమ్మది. బొమ్మలకు కదలిక ఇవ్వడం ఆవిడ పని. ఆటలో సెకనుకు అరవై ముక్కలు, ముక్కకొక బొమ్మ. ఆ ఒక్క బొమ్మనే ఫ్రేము అంటారు. గుద్దు ఎన్నో ఫ్రేములో బయల్దేరుతుంది, ఎన్నో ఫ్రేములో తగులుతుంది, తగిలాక చెయ్యి వెనక్కి రావడానికి ఎన్ని పడతాయి అన్న లెక్క మీదే వీరుల తలరాతలు ఆధారపడి ఉంటాయి. పదకొండేళ్ళుగా ఆ లెక్కలోనే బతుకుతున్న మనిషికి ఆఫీసువాళ్ళు పెట్టిన పేరది.

మూట ఆవిడ పెంపుడు కుక్క. ఏడేళ్ళవాడు, ముప్పై నాలుగు కిలోలవాడు. పడుకుంటే ఎవరో విప్పడం మరిచిన బట్టలమూటలా ఉంటాడు. తలుపు గంట మోగితే కర్టెన్ వెనక్కి, మిక్సీ తిరిగితే మంచం కిందికి వెళ్ళిపోయే ఈ ధీరుడు కుస్తీ ఆటలోకి ఎలా వచ్చాడన్నది చెప్పుకోవాలి. ఆటలో అప్పటికే తొమ్మిదిమంది యోధులున్నారు. అందరూ కొండల్లాంటి మనుషులు; పిడికిళ్ళ నుంచి నిప్పులు, కళ్ళ నుంచి మెరుపులు. ఆడేవాళ్ళు కాసేపు నవ్వుకోవడానికి పదో వీరుడొకడు కావాలని టీమ్ లీడు అడిగినప్పుడు, "మా మూటను పెట్టండి, ఒక్క దెబ్బ కొట్టకుండా అందర్నీ ఓడిస్తాడు" అంది ఫ్రేములమ్మ. హాస్యానికే అంది. మరుసటి వారానికి అది పనుల జాబితాలోకి ఎక్కింది.

ఆ తరువాత ఆవిడ సరదాకు అంతు లేకపోయింది. మూట ప్రత్యేక విద్యలన్నీ తానే రాసింది. మొదటిది విదిలింపు: స్నానం చేయించిన కుక్కలా ఒళ్ళు విదిలిస్తే తెరంతా తడిసి, ఎదుటివాడికి అరసెకను పాటు ఏమీ కనిపించదు. రెండోది చూపు: తల ఒకపక్కకు వాల్చి చూస్తాడు, ఎత్తిన కత్తి ఎత్తినచోటే ఆగిపోతుంది. మూడోది చెప్పు దొంగతనం. ఇంకెంత ప్రాణం మిగిలిందో తెరమీద చూపించే గీత పావుకు పడిపోతే వెల్లకిలా పడుకుని పొట్ట చూపిస్తాడు. ఆ పొట్ట నిమరడానికి వంగినవాడి పని అంతటితో సరి. ఇవన్నీ కాక ఒకే ఒక్క అసలైన దెబ్బ ఉంది. ఎత్తునుంచి ముప్పై నాలుగు కిలోలూ కట్టగట్టుకుని వచ్చి మీద పడటం. దానికి మూటపాటు అని పేరు పెట్టారు.

కదలికలన్నీ మూట ఒంటినుంచే తీసుకున్నారు. కీళ్ళమీద మెరిసే టేపు చుక్కలు అంటించి, చుట్టూ ఎనిమిది కెమెరాలు నిలబెట్టి, బిస్కెట్ల ఆశ చూపి నడిపించారు, పరిగెత్తించారు, దూకించారు. మొదటి రికార్డింగు ఐదు నెలల కిందట. మోకాలి ఎత్తు చెక్కపెట్టె మీదినుంచి పన్నెండు దూకుళ్ళు. రెండోది ఆరు వారాల కిందట. మూటపాటు బాగా రావాలని, బల్ల ఎత్తునుంచి ఒక్క పూటలో నలభై. మూడోది మొన్న శుక్రవారం; ఏవో చిన్న సవరణల కోసం మళ్ళీ ఆ చెక్కపెట్టె మీదినుంచే పన్నెండు. పేచీ పట్టిన తప్పు, తొందరలో ఇంకా నున్నచేయకుండానే ఆటలో పెట్టిన ఈ మూడోదానిలో ఉంది.

"టేపు జారి ఉంటుంది" అందావిడ, పేచీ బల్ల దగ్గరికి వెళ్ళి.

"టేపు జారితే చుక్క వణుకుతుంది కదండీ. ఇది వణకట్లేదు. తాపీగా, మర్యాదగా ఆలస్యమవుతోంది" అన్నాడు పేచీ.

"ఏ కాలు?"

"ఎడమ వెనకది. కుడికాలు నేలకు ఆనగానే బరువు మోస్తోంది. ఎడమది వచ్చి తాకుతుంది గానీ ఎనిమిది ఫ్రేముల దాకా బరువు పుచ్చుకోదు. నేనైతే దాన్ని సోమరి అనేవాణ్ణి."

ఫ్రేములమ్మ తెర ముందు కూర్చుని తానే లెక్కపెట్టింది. ఎనిమిది. మళ్ళీ లెక్కపెట్టింది. ఎనిమిది. మూడోసారి తొమ్మిది వచ్చేసరికి సంచీ భుజాన వేసుకుని లేచింది.

ఇంటికి వెళ్ళేదాకా కూడా ఆగలేక దారిలోనే అత్తగారికి ఫోను చేసి, మూటను సోఫా దిగనివ్వద్దని చెప్పింది. భర్త నెలకు ఇరవై రోజులు ఉద్యోగం పేరిట ఊళ్ళు తిరిగే మనిషి కావడంతో ఇల్లంతా అత్తగారిది, ఫ్రేములమ్మది, మూటది. అత్తగారికి కుక్కలంటే పడదు. ఆ మాట రోజుకోసారైనా పైకి అంటుంది. అంటూనే తన రొట్టె అంచులు తుంచి బల్ల కిందికి అందిస్తుంది.

ఫ్రేములమ్మ వస్తూనే ఫోనును స్టూలు మీద నిలబెట్టింది. సోఫా ముందు నేల జారుడుగా ఉందేమోనని తివాచీ పరిచింది. మూటను దూకించింది. కుడివైపు బిస్కెట్ పెట్టి ఒకసారి, ఎడమవైపు పెట్టి ఒకసారి. వెలుతురు చాలలేదని మరోసారి. ఐదోసారి వాడు బిస్కెట్ వంకా ఆవిడ వంకా మార్చి మార్చి చూసి, అక్కడే కూర్చుండిపోయాడు.

"ఏం పరీక్షమ్మాయ్ ఇది? బళ్ళో పిల్లలచేత కూడా ఇన్నిసార్లు రాయించరు" అంది అత్తగారు.

"కాలు సరిగ్గా లేదనిపిస్తోంది అత్తయ్యా."

"సరిగ్గా లేదనుకుంటే దూకిస్తావేం? నా పన్ను నొప్పి నిజమో కాదో తేల్చడానికి నాచేత శనగలు నమిలించేలా ఉన్నావే!"

ఆ మాట సూటిగా వచ్చి తగిలింది. నిజమే, కాలికి ఏమీ లేకపోతే పరీక్ష అనవసరం, ఉంటే పరీక్షే హాని. ఫ్రేములమ్మ ఫోను తీసి సంచీలో పడేసింది. మూట సోఫా దిగకుండా అత్తగారు పక్కనే కూర్చుని, "నాకసలు వీడంటే పడదు" అంటూ వాడి చెవులు సవరించింది.

పశువుల డాక్టరమ్మ మర్నాడు పొద్దున్నే చూసింది. నడిపించింది, కాలు మడిచింది, చాచింది. మూట ఆస్పత్రి గడప తొక్కగానే భయంతో నొప్పులన్నీ మరిచిపోయే రకం, తిన్నగా నడిచాడు. డాక్టరమ్మ "బానే ఉన్నాడే" అనబోయి, మోకాలి పైన వేలు పెట్టి ఆగింది. ఎక్స్‌రే తీయించింది. ఫిలింను వెలుగుపెట్టె మీద అంటించి చాలాసేపు చూసింది. ఆలోగా ఫ్రేములమ్మ ఫిలిం మూలనున్న అంకెలన్నీ కంఠతా పట్టేసింది.

"ఇదిగో, ఎముక మీద ఈ మసక" అంది డాక్టరమ్మ. "దీనికి రెండు అర్థాలుండొచ్చు. మోకాలి నరం ఎప్పుడో కొద్దిగా చిరిగి, కీలు నెమ్మదిగా అరుగుతూ ఉండొచ్చు. అలాగైతే విశ్రాంతి, ఆ తర్వాత ఆపరేషన్, కుక్క కులాసా. లేదూ, ఎముకలోనే చెడ్డ గడ్డ ఇప్పుడిప్పుడే మొదలవుతూ ఉండొచ్చు."

"అదైతే?"

"అదైతే ఆగకూడదు. ఎముకలోకి సూది దించి ముక్క తీసి పరీక్షకు పంపాలి. కాలు తీసేయాల్సి రావచ్చు. అప్పటికీ ఎన్నాళ్ళో చెప్పలేను. పైగా ఆ సూది ఊరికే గుచ్చేది కాదు. బలహీనమైన ఎముక దానికే విరగొచ్చు." ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఒక్క విషయం సరిగ్గా చెప్పండి. ఈ కుంటడం ఎన్నాళ్ళుగా ఉంది?"

"కుంటడం మేమెవరం చూడలేదండీ. యంత్రంలో కనిపించింది. మొన్న శుక్రవారం."

"అంతకు ముందు?"

"చూసి చెప్పాలండీ."

"ఎందుకడుగుతున్నానంటే, ఆ గడ్డలు ఆగవు. ఐదారు నెలలుగా కాలిలో తేడా ఉండి, ఫిలిం ఇంకా ఇంతే మసగ్గా ఉంటే నేను గుండెమీద చెయ్యేసుకుని నిద్రపోతాను. నెలలోపు పుట్టిన తేడా అయితే మాత్రం రేపే సూది. రేపు మధ్యాహ్నానికి గది ఖాళీ పెట్టిస్తాను. ఈలోగా ఆలోచించుకుని చెప్పండి."

ఆలోచించుకోవడానికి ఏమీ లేదు, చూడటానికి ఉంది. ఆఫీసుకు తిరిగి వచ్చి, మొదటి రికార్డింగు నాడు తాను రాసుకున్న పని చిట్టా తెరిచింది. కెమెరాలనుంచి వచ్చిన కదలికను ఉన్నదున్నట్టు ఎవరూ వాడరు. చుక్కలు వణుకుతాయి, టేపులు జారుతాయి. ఆ మరకలన్నీ తుడిచి, గీతలు నున్నగా చేసి అప్పగించడమే ఆవిడ వృత్తి. చిట్టాలో ఐదు నెలల కిందటి తేదీ కింద తన మాటలే ఉన్నాయి: "ఎడమ వెనక కాలు. టేపు జారింది. పన్నెండు క్లిప్పుల్లోనూ సరిచేశాను."

పన్నెండింట్లోనూ! ఒక టేపు పన్నెండుసార్లూ ఒకేచోట, ఒకేలా జారుతుందా? ఆనాడు ఆ ప్రశ్న ఎందుకు రాలేదో ఆవిడకు ఇప్పుడు అర్థమైంది. కుక్కను ఆవిడ చూడలేదు. గీతను చూసింది. గీత వంకరగా ఉంది, వంకర తీసింది.

ఇక ముందున్నవి రెండే దారులు. తుడవని పాత కదలికలో ఆ తేడా ఉంటే, మూట నొప్పిని కళ్ళారా చూసి, చేతులారా చెరిపేసి, ఆ పైన నలభైసార్లు బల్లమీదినుంచి దూకించిన మనిషి తానవుతుంది. లేకపోతే, తేడా కొత్తది, రేపు సూది. తన తప్పు ఎంత పెద్దదైతే కుక్క అంత బతికినట్టు. ఆవిడ ఆ తప్పు ఉండాలని కోరుకుంది. అంతగా కోరుకున్న క్షణానే, ఈ లెక్క తన చేతిలో పెట్టకూడదని కూడా తెలుసుకుంది. మూడు రావాలని కోరేవాడి కంటికి రెండున్నర మూడులాగే కనిపిస్తుంది.

తుడవని క్లిప్పులు ఇరవై నాలుగు బయటికి తీసింది. మొదటి రోజువి పన్నెండు, మొన్నటివి పన్నెండు. తేదీలు తీసేసి, ఒకటినుంచి ఇరవై నాలుగు దాకా అంకెలు వేసి, యంత్రం చేతే కలగాపులగం చేయించింది. ఏ అంకె ఏ రోజుదో తెలిపే జాబితాను తాను చూడకుండా ముద్రించి, కవరులో పెట్టి అంటించింది. తరువాత పేచీ దగ్గరికి వెళ్ళింది.

"ప్రతి క్లిప్పులోనూ కుడికాలు బరువు మోసిన ఎన్ని ఫ్రేములకు ఎడమకాలు మోసిందో రాయాలి. అంతే."

"ఏది ఎప్పటిదో?"

"చెప్పను. నాకూ తెలీదు."

"నామీద అంత అపనమ్మకమా ఫ్రేములమ్మా?"

"నీమీద కాదు. నామీద."

పేచీ ఆవిడ మొహం వంక ఒకసారి చూశాడు. "ఎంత రావాలని ఉంది మీకు?"

"చెబితే అంతే వస్తుంది."

"నాకా? ఎదుటివాళ్ళు ఏది కోరితే దానికి అడ్డం తిరగడానికే కదండీ నాకు జీతమిస్తున్నారు!"

"అందుకే అసలు చెప్పను" అందావిడ.

పేచీ తెరమీదికి వంగాడు. తెరమీద కుక్క లేదు. బొచ్చు లేదు, తోక లేదు, గది లేదు. నల్లటి చీకట్లో ఇరవై ఎనిమిది తెల్లచుక్కలు గాల్లోకి లేచి, కిందికి వచ్చి, కుదురుకుంటున్నాయి. తెలియనివాళ్ళు మిణుగురు పురుగులు అనుకుంటారు. ఫ్రేములమ్మకు మాత్రం ఏ చుక్క మోకాలో, ఏ చుక్క నడుమో తెలుసు. అవి ఏ రోజువో ఒక్కటే ఆ చుక్కలు ఆవిడకూ చెప్పవు. అందుకే అక్కడ నిలబడలేకపోయింది. వరండాలోకి వెళ్ళి నీళ్ళు తాగింది. మళ్ళీ తాగింది. కాలు కాలిన పిల్లిలా తిరిగి తిరిగి, గంటన్నర తరువాత వచ్చేసరికి పేచీ కాగితం మడిచి పట్టుకుని ఉన్నాడు.

"రెండుసార్లు లెక్కపెట్టాను. తేడా వచ్చినచోట మూడోసారి" అన్నాడు. తగువు పెట్టుకునే గొంతు కాదది.

ఆవిడ కవరు చించింది. కాగితం పక్కన కాగితం పెట్టి అంకెకు అంకె జత చేసింది. మొన్నటివి: ఎనిమిది, ఏడు, తొమ్మిది, ఎనిమిది. అవి తెలిసినవే. ఐదు నెలల కిందటివి: మూడు, రెండు, మూడు, నాలుగు, మూడు, సున్న.

సున్న దగ్గర ఆవిడ వేలు ఆగిపోయింది.

"ఆగారేం? చదవండి" అన్నాడు పేచీ.

మూడు, రెండు, మూడు, మూడు, నాలుగు, రెండు. పన్నెండింట పదకొండు చోట్ల ఎడమకాలు వెనకబడింది. ఒక్కచోట వెనకబడలేదు. ఎందుకో ఆవిడకు తెలియదు. బిస్కెట్ ఏ పక్కన ఉందో ఇప్పుడెవరు చెప్పగలరు? పూర్వమైతే ఆ సున్నను కూడా తుడిచి మూడు చేసి ఉండేది. ఇప్పుడు దాన్ని అలాగే ఉంచి, అన్నీ వరుసగా కాగితం మీద రాసుకుంది. రాస్తూ ఉండగా కళ్ళనిండా నీళ్ళు వచ్చాయి. అది సిగ్గో, సంతోషమో విడదీయడానికి ఆమెకు ఓపిక లేకపోయింది.

"పాతవాటిలో ఉంది. అప్పుడే ఉంది. నేనే తుడిచేశాను" అంది.

పేచీ కుర్చీ ఆవిడవైపు జరిపాడు. "అప్పుడు నేనూ తప్పు పట్టలేదు కదండీ. మీరు తుడిచాక వచ్చింది నా దగ్గరికి. నున్నగా ఉందని మెచ్చుకున్నాను కూడా. నా జన్మకు అదొక్కటే మెచ్చుకోలు."

డాక్టరమ్మ ఫోనులో ఓపిగ్గా విన్నది. ఎవరు లెక్కపెట్టారు, లెక్కపెట్టినవాడికి తేదీలు తెలుసా, రెండుసార్లూ ఎత్తు ఒకటేనా అని అడిగింది. సున్నను కూడా చెప్పించుకుంది.

"మూడు ఫ్రేములంటే సెకనులో ఇరవయ్యో వంతు. నా కంటికి ఎన్నటికీ కనపడదు. కొన్ని కుక్కలకు పుట్టుకతోనే ఒకవైపు వాటం ఉంటుంది, అది కూడా కావచ్చు. కానీ మూడు ఎనిమిదయింది కనక వాటం కాదనే అనుకుంటాను" అంది. "సూది ఆపుదాం. నాలుగు వారాలు ఎక్కడాలు, దూకడాలు ఏవీ వద్దు. మళ్ళీ ఫిలిం తీద్దాం. మసక పెరిగితే మనం పొరబడ్డట్టు, నాలుగు వారాలు పోగొట్టుకున్నట్టు. ఆ సంగతి తెలిసే ఒప్పుకోండి."

"ఒప్పుకుంటున్నాను. డాక్టర్ గారూ, ఆ నలభై దూకుళ్ళు..."

"పెంచి ఉండొచ్చు. పెంచకపోయి ఉండొచ్చు. తేల్చే పరీక్ష నా దగ్గర లేదమ్మా."

ఆ నాలుగు వారాలూ ఇంట్లో మనుషులు నడిచిన తీరు చూస్తే, కాలు బాగాలేనిది ఎవరికో తెలిసేది కాదు. సోఫా మీద కుర్చీలు బోర్లించారు. రోజూ తన మంచమెక్కి పడుకునే అలవాటున్న మూట ఎక్కలేక కింద నిలబడి మూలుగుతుంటే భరించలేక, అత్తగారు పరుపును నేలమీదికి దించేసింది. అడిగితే, నేలమీదే నడుముకు మంచిదట అంది. ఆఫీసులో ఫ్రేములమ్మ మూటపాటును ఆటలోంచి తీసేయించింది. టీమ్ లీడు ససేమిరా అన్నాడు. పేచీ మూడు రోజులు ఆవిడ తరఫున తగువులాడి గెలిచాడు. కానీ ఈ పనులేవీ ఆవిడకు నిద్ర పట్టించలేదు. మసక పెరుగుతోందా? పెరగడానికి ఈ క్షణమే బయల్దేరిందా? లోపల జరిగేదాన్ని లెక్కపెట్టే ఫ్రేములు ఆవిడ దగ్గర లేవు. ఇరవై ఎనిమిది రోజులు ఒకదాని తరువాత ఒకటి గడపవలసిందే.

ఇరవై తొమ్మిదో రోజు పొద్దున అత్తగారూ కోడలూ ఆస్పత్రి వరండాలో ఇనుప కుర్చీల్లో కూర్చున్నారు. ఎదుట బుట్టలో ఒక పిల్లి, దాని యజమాని ఒళ్ళో ఒక పత్రిక. మూటను లోపలికి తీసుకెళ్ళి ఇరవై నిమిషాలయింది. పోయినసారి పది నిమిషాలే పట్టిందన్న సంగతి ఫ్రేములమ్మ పైకి అనలేదు. తలుపు తీసుకుని డాక్టరమ్మ రెండు ఫిలింలతో బయటికి వచ్చింది. కిటికీ వెలుగుకు రెండూ పక్కపక్కన పట్టింది.

"చూడండి. ఇది అప్పటిది, ఇది ఇప్పటిది. ఇరవై ఎనిమిది రోజుల్లో వెంట్రుకవాసి కదల్లేదు. అంచు కాస్త నునుపెక్కింది కూడా. చెడ్డదైతే ఇంత మర్యాదగా ఉండదు. ఇది పాత అరుగుదలే అని ఇప్పుడు గట్టిగా అంటాను. వచ్చేవారం ఆపరేషన్‌కు రోజు చూసుకుందాం."

ఫ్రేములమ్మ గోడకు తల ఆనించింది. ఊపిరి ఒక్కసారిగా వదిలితే, అది ఇన్నాళ్ళూ ఎక్కడ దాగిందా అన్నంత వచ్చింది.

"నేను చెప్పలేదూ, వాడికేం కాదని?" అంది అత్తగారు. ఆ మాట ఆవిడ ఎన్నడూ చెప్పలేదు. "పద, తీసుకెళ్దాం. పాపం, లోపల ఒక్కడే బిక్కుబిక్కుమంటూ ఉంటాడు, వెధవ."

అని లేచింది. కుర్చీ చెయ్యి పట్టుకుని, ముందుకు వంగి, కుడికాలి మీద నిలబడింది. ఎడమకాలు నేలమీదే ఉంది, కానీ ఉన్నదంతే. బరువు దానిమీదికి వచ్చేలోగా ఫ్రేములమ్మ తనకు తెలియకుండానే లెక్కపెట్టేసింది. ఆ లెక్క ఎన్నిటి దగ్గర ఆగిందో తెలిశాక, పరుపు దించిన నాలుగు వారాలుగా ఈవిడ రోజూ నేలమీదినుంచే లేస్తోందన్నది గుర్తుకొచ్చింది. అంతకు ముందు ఈవిడ ఎలా లేచేదో గుర్తుకు రాలేదు. ఎంత తడుముకున్నా రాలేదు. రోజూ చూసిన మనిషే.

"ఏంటమ్మాయ్, అలా చూస్తున్నావు? నన్నూ ఆటలో పెడతావా ఏం?"

"అబ్బే, ఏం లేదత్తయ్యా" అంది ఫ్రేములమ్మ, సంచీలో ఫోను కోసం వెతుకుతూ. "ఒక్క నిమిషం కూర్చోండి. కూర్చుని, మళ్ళీ లేవండి."